మండాలే చెరలో లోకమాన్యుడు

ఆపద వచ్చినప్పుడు ధైర్యము వహింపవలెనని ఇతరులకు చెప్పుట సులభము. ఆ ధైర్యము దేనితో ఏర్పడునో, దానిని దినదినము ఎట్లు నిలుపుకొనవలెనో చెప్పువారు తక్కువ. ఈ ప్రశ్నకు చరిత్ర చూపు సమాధానములలో ఒకటి బర్మాలోని మండాలే కారాగారమున కలదు. 1908 మొదలు 1914 వరకు బాలగంగాధర తిలక్ అందు బందీగా నుండెను.

1908 ఏప్రిల్ మాసాంతమున ముజఫర్‌పూరులో బాంబు పేలెను. దానిని గురించి 'కేసరి' పత్రికలో ప్రకటించిన వ్యాసములకు తిలక్‌పై రాజద్రోహనేరము మోపిరి. బొంబాయి హైకోర్టు జూరీలోని తొమ్మండుగురిలో ఏడుగురు అతడు దోషి యనిరి, ఇద్దరు కాదనిరి. జూలై 22వ తేదీ రాత్రి న్యాయమూర్తి దావర్ ఆరేండ్ల ద్వీపాంతరవాసమును, వేయి రూపాయల జరిమానాను విధించెను. 1897లో తిలక్ పక్షమున జామీనుకై వాదించిన న్యాయవాది ఈ దావరే యగుట గమనింపదగినది. ఆ మరునాటితో ఖైదీకి ఏబదిరెండేండ్లు నిండినవి. శరీరమున మధుమేహవ్యాధి యుండెను.

ఆ సంవత్సరమే మన ఆంధ్రదేశమున గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బెజవాడలో తాము నడపిన వారపత్రికలోని వ్రాతకై వేలూరు చెరసాలకు పోయిరి. వెలుపలికి వచ్చిన పిదప వారు గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును చేసిన సేవ శ్రోతలెరిగినదే. పత్రికాసంపాదకుని బల్లకును, చెరసాల ద్వారమునకును నాడు దూరము మిక్కిలి స్వల్పము.

తిలక్ శిక్ష పిమ్మట సాధారణ కారాగారవాసముగా మార్చబడెను. కాని మండాలేలోని బస సుఖప్రదమైనది కాదు. అక్కడి కట్టడములు కొయ్యవి. గోడలకు బదులు కొయ్యకమ్ములు వరుసగా నిలిపియుండుటచే ఎండయు, చలియు, ధూళియు అడ్డులేక లోనికి వచ్చెడివి. 1925లో అదే చెరకు పోయిన సుభాష్‌చంద్రబోసు ఆ గదులను జంతువుల బోనులతో పోల్చెను. ఈ బోనులో అంతటి వయస్సున, అంతటి వ్యాధితో, స్వభాష తెలిసినవారు దాదాపు లేని దేశమున ఆరేండ్లు గడపవలెను.

తిలక్ చేసిన పనులు చూచుటకు చిన్నవి. ఆహారమును కఠినముగా నియమించుకొనెను. పుస్తకములు తెప్పించుకొనెను; క్రమముగా వందలకొలది గ్రంథములు చేరినవి. జర్మను, ఫ్రెంచి, పాళీ భాషలను తనంతట తానే అభ్యసించెను. ఏబదియేండ్లు దాటినవాడు, ఎన్నడు వెలుపలికి వచ్చునో, అసలు వచ్చునో రాడో తెలియనివాడు వ్యాకరణము వల్లించుచు కూర్చుండుట మనకు వింతగా తోచవచ్చును. నా యుద్దేశమున అతనిని కాపాడిన రహస్యము అదియే. శిక్షాకాలము సర్కారు లెక్కలోనిది; పాఠము తన లెక్కలోనిది. దినమును తన లెక్క ప్రకారము గడుపుకొన్నవానిని ఏకాంతము అంత తేలికగా లొంగదీయజాలదు.

ఇది ఒక్కనాటి సంపాద్యము కాదు. 1882లో కొల్హాపురపు వ్యవహారమున ఆగర్కరుతోకూడ నూటయొక దినములు డోంగ్రీ చెరలో గడపియుండెను. 1897లో మరల శిక్షపడినప్పుడు, మాక్స్‌ముల్లర్ పండితుడు పంపిన ఋగ్వేదమును చెరలోనే పఠించెను. కనుక మండాలే చేరునాటికి ఆ విద్యయందు అతడు క్రొత్తవాడు కాడు.

1910-11 శీతకాలమున 'గీతారహస్యము' వ్రాయ మొదలిడెను. విడికాగితములకు అనుమతి లేదు. పుటలు లెక్కించి ఇచ్చిన నోటుపుస్తకములలోనే వ్రాయవలెను. అదియు సిరాతో గాక పెన్సిలుతో వ్రాయవలెను. ఆ నిర్బంధములలోనే కొలది మాసములలో ఆ మహాగ్రంథము పూర్తియయ్యెను. అయితే ఆలోచన అంతకుముందు ఎన్నో యేండ్లది. 1872లో తండ్రి అవసానదశయందుండగా, పదునారేండ్ల బాలుడు గీతకు మరాఠీటీకను చదివి వినిపించెడివాడు. నాటి ప్రశ్నయే వెంబడించి వచ్చినది: జ్ఞానము పొందినవాడు కర్మను విడువవలెనా, చేయుచుండవలెనా? చేయుచుండవలెననియే తిలక్ నిర్ణయము. ఏ పనియు చేయనీయక నాలుగుదిక్కుల కట్టివేయబడినవాడు కర్మయోగమును సమర్థించుచు గ్రంథము వ్రాసెను.

ఇట్టివారిని గురించి వినునప్పుడు వారికి దుఃఖమే లేదని మనమనుకొందుము. అది పొరపాటు. 1912 జూన్‌లో భార్య సత్యభామాబాయి పూనాలో మరణించెను. తంతివార్త మండాలేకు పోయెను. మేనల్లునకు వ్రాసిన జాబులో తిలక్ తన గుండె గట్టిదని చెప్పుకొనలేదు. కష్టములను నిబ్బరముగా సహించుట తనకు అలవాటే యైనను, ఈ దెబ్బ తన్ను మిక్కిలి కదలించినదని ఒప్పుకొనెను. ఆ జాబులోనే పిల్లల చదువు మాట ఎత్తెను. తాను వారికంటె చిన్నవయస్సుననే తలిదండ్రులను కోలుపోయితిననియు, శోకమున కాలము వ్యర్థము చేయక తమ కాళ్లపై తాము నిలువవలెననియు వారికి తెలుపుమనెను. తల్లి పోవునప్పటికి అతనికి పదేండ్లు. కన్నీరు ఒకవైపు, పిల్లల పాఠములు మరొకవైపు ఉన్న ఆ జాబును నేను గీతారహస్యమునకు తక్కువగా ఎంచను.

1914 జూన్ 16వ తేదీ అర్ధరాత్రివేళ పోలీసువారు తిలక్‌ను రహస్యముగా పూనా చేర్చి, ఇంటివాకిట విడిచిపోయిరి. వ్రాతప్రతులు మాత్రము సర్కారువద్ద నిలిచిపోయినవి. అవి తిరిగి రావేమోనని మిత్రులు కలవరపడగా, నోటుపుస్తకములు వారివద్దనున్నను గ్రంథము తన తలలోనే యున్నదనియు, మరల వ్రాయగలననియు తిలక్ చెప్పెనట. ఆ యవసరము కలుగలేదు. నోటుపుస్తకములు తిరిగి వచ్చినవి. 1915లో గ్రంథము పూనాలో అచ్చయ్యెను.