కలలో మేల్కొనుట నేర్వదగిన విద్యయేనా?

జహీరాబాదుకు చేరువనున్న న్యాల్‌కల్ ప్రాంతమున నల్లరేగడి చేలు కలవు. జొన్న పాలుపోసికొను దినములలో పిట్టలను తోలుటకు మంచె యెక్కిన బాలుడొకడు కునుకు తీసెననుకొందము. పిట్టలగుంపు వ్రాలి చేనంతయు ఊడ్చుకొని పోవుచున్నట్లు వానికి కల వచ్చినది. కేక వేయబోయిన గొంతు పెగలదు, వడిసెల త్రిప్పబోయిన చేయి లేవదు. ఉలికిపడి లేచి చూచిన చేను పదిలముగనే యున్నది. "ఓహో, కలయే కదా!" అని వాడు నవ్వుకొనును. ఆ మాట కల నడుచుచుండగనే తోచినచో భయమే యుండదు గదా!

అట్లు తోచుట కొందరికి నిజముగనే జరుగుచుండును. నిద్రలో నుండియే "నేను కల కనుచున్నాను" అని తెలిసికొనుటను 'ఎరుకగల కల' అందము. ఇది అభ్యాసముచే వచ్చునా? వచ్చినదని చెప్పువాని మాటను ఇతరులు నమ్ముట యెట్లు? ఈ రెండవ ప్రశ్నకు సమాధానము దొరకుటకు చాలాకాలము పట్టినది.

మన దేశమున ఈ విచారణ ప్రాచీనమైనది. యోగవాసిష్ఠమును 15వ శతాబ్దమున మడికి సింగన 'వాసిష్ఠ రామాయణము' అను పేర తెలుగు చేసెను. యోగవాసిష్ఠమున లవణుడను రాజు కథ యున్నది. ఐంద్రజాలికుడొకడు నెమలిపింఛమును త్రిప్పగా రాజు సింహాసనముపై కొంతసేపు నిశ్చేష్టుడై యుండెను. ఆ కొద్దిసేపటిలోనే ఆయన అడవిపాలై, పేదయింట వివాహమాడి, బిడ్డలను కని, కరవు ననుభవించి, తుదకు అగ్నిలో దుమికెను. తెలివి వచ్చునప్పటికి సభ యట్లే యున్నది. అనుభవము నడుచుచున్నంతసేపు అది మాయయని లవణునికి తోచలేదు. మన మామూలు కలలును ఇట్టివే.

కాని తోచుటకు అవకాశము కలదని ఇతరులు గుర్తించిరి. నిద్రించువాని మనస్సులో నుండి ఏదో యొకటి, కనబడునది కలయేయని చెప్పుచుండుట కలదని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ వ్రాసెను. పతంజలి యోగసూత్రములలో ఒకటి స్వప్నజ్ఞానమును మనస్సు నిలుపుటకు ఆలంబనముగా పేర్కొన్నది. టిబెట్టు బౌద్ధులు నారోపాచార్యుని పేర ప్రసిద్ధమైన ఆరు యోగములలో స్వప్నయోగము నొకదానిగా అభ్యసించుచున్నారు.

ఐరోపాలో దీనిని దీర్ఘకాలము ప్రయత్నపూర్వకముగా పరిశీలించినవాడు ఫ్రెంచి పండితుడు ఎర్వే ద సాన్ దెనీ. ఈయన చీనాభాషా పండితుడు. 13వ యేట నుండియే తన కలలను వ్రాసియుంచెను. కలలను నడుపు విధానములను గూర్చి 1867లో తన పేరు వేయక ఒక గ్రంథమును ప్రకటించెను. ఒక కొండప్రాంతమున విడిది చేసినన్నాళ్లు ఆయన ఒకే అత్తరును వాసన చూచుచుండెను. నెలలు గడచిన పిదప, తాను నిద్రించునప్పుడు తెలియకుండ తలగడపై ఆ అత్తరును చిలుకుమని సేవకుని నియమించెను. కలలో ఆ కొండలే తిరిగి కనబడినవి!

డచ్చి వైద్యుడు, రచయితయునైన ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో తనకు వచ్చిన ఇట్టి కలలు 352 అని ప్రకటించెను. ఒక కలలో ఆయన పరీక్షార్థము గాజుగ్లాసును పిడికిలితో గట్టిగా కొట్టెను. అది పగులలేదు. కొంత తడవుకు మరల చూడగా పగిలియుండెను! అయినను సందేహము తీరలేదు. ఇవన్నియు మేల్కొన్న తరువాత చెప్పిన మాటలే గదా. నిద్రలో నిజముగా ఎరుక యుండెనో, మేల్కొనుచుండగా కల్పించుకొనెనో ఎవరు చెప్పగలరు?

దారి చూపినది శరీరశాస్త్రము. 1953లో చికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు నిద్రలో కొన్ని దశలయందు కనుగ్రుడ్లు వేగముగా కదలునని, అప్పుడు లేపినచో చాలమంది కలలను చెప్పుదురని కనుగొనిరి. ఈ దశలో కాలుసేతుల కండరములు సడలి కదలకుండును. కంటి కండరములు మాత్రము పనిచేయుచుండును. అనగా, కదలలేని శరీరమున కలగనువానికి మిగిలినది ఈ కిటికీ యొక్కటే.

ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయమున 1975 ఏప్రిలులో కీత్ హెర్న్ ఈ కిటికీనే వాడుకొనెను. ఎరుకగల కలలు కనగల అలన్ వర్స్‌లీతో, "కలయని తెలియగానే కన్నులను ఎడమకు, కుడికి వరుసగా త్రిప్పుము" అని ముందే ఒప్పందము చేసికొనెను. మెదడులోని విద్యుత్తరంగములను, కన్నుల కదలికలను లిఖించు యంత్రము అతడు నిద్రలోనే యున్నట్లు చూపుచుండగా, కాగితముపై ఆ సంకేతము పడెను. కలగనువాడు కలలో నుండియే సాక్ష్యమిచ్చెను! అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున స్టీఫెన్ లబెర్జ్ స్వతంత్రముగా ఇట్టి ప్రయోగమే చేసి, 1981లో సహచరులతో ఫలితములను ప్రకటించెను. 2021లో నాలుగు దేశముల పరిశోధకులు మరియొక అడుగు వేసిరి. 8 నుండి 6 తీసివేసిన ఎంత వంటి లెక్కలను నిద్రించువారి నడుగగా, కొందరు కన్నుల కదలికతో సరియైన జవాబిచ్చిరి.

ఇక అభ్యాసము సంగతి. మొదటిది, లేవగానే కలను వ్రాసికొనుట. రెండవది, పగటివేళ అప్పుడప్పుడు "ఇది కలయా?" అని మనసార ప్రశ్నించుకొని, ఒక వ్రాతను రెండుమార్లు చదివి చూచుట, కలలో అక్షరములు తరచు మారిపోవును. మూడవది లబెర్జ్ చెప్పినది: అయిదుగంటల నిద్ర తరువాత కొంతసేపు మేల్కొని, "ఈసారి కల వచ్చినప్పుడు కలయని గుర్తింతును" అని సంకల్పించుకొని మరల నిద్రించుట. 2017లో ఆస్ట్రేలియా పరిశోధకుడొకడు ప్రకటించిన వివరముల ప్రకారము, వీనిలో పగటి ప్రశ్నను, రాత్రి సంకల్పమును కలిపి వారము రోజులు అభ్యసించినవారికి 17 శాతము రాత్రులలో ఫలితము కలిగెను. కావున ఇది మంత్రము కాదు. కొంతవరకు అలవడు నేర్పు.

ఒక హెచ్చరిక. నిద్రను మధ్యలో విరుచుట విద్యార్థులకు రోజూ తగదు. మానసిక వ్యాధి కలవారు వైద్యుని అడుగక దీని జోలికి పోరాదు. పీడకలలచే బాధపడువారికి ఈ నేర్పు ఉపకరించునని కొన్ని చిన్న పరిశోధనలు సూచించుచున్నవి.

కలలు భవిష్యత్తును చెప్పునని నమ్మి భయపడువారు నేటికిని కలరు. ఉపాధ్యాయులు తరగతిలో ఈ చరిత్రను చెప్పినచో, కలను చూచి భయపడు బాలుడు కలను పరిశీలించు బాలుడు కాగలడు. మంచెమీది పిల్లవానికి కావలసినది వడిసెల కాదు, "ఇది కలయా?" అను ఒక్క ప్రశ్న.