కాన్పు వయసు, కువైట్ చక్కెర

గర్భిణికి షుగర్ ఉందని తేలగానే ఇంట్లోవాళ్ల వేలు ముందు ఆమె వయసు మీదికే పోతుంది. ఇంత ఆలస్యంగా కంటే ఇలాగే అవుతుంది అంటారు. కువైట్ వందేళ్ల చరిత్ర చూస్తే ఆ మాటలో సగమే నిజం కనిపిస్తుంది. అమెరికన్ మిషన్ వైద్యురాలు ఎలనార్ కాల్వర్లీ 1912లో అక్కడ అడుగుపెట్టేనాటికి ఆ రేవు పట్నం ముత్యాల వేట మీద, ఓడల వర్తకం మీద బతికేది. పెళ్లిళ్లు చిన్నతనంలోనే జరిగేవి, కాన్పులు వరసగా సాగేవి. చమురు ఎగుమతి 1946లో మొదలై సంపద వెల్లువెత్తిన తర్వాత కూడా, 1960లలో, ఒక్కో స్త్రీకి సగటున ఏడుగురు పిల్లలుండేవారు. అంతమందిని కన్న తల్లుల్లో చాలామందికి చివరి కాన్పులు నలభైకి దగ్గరపడ్డాకే. కాబట్టి పెద్ద వయసు కాన్పు ఈ కాలానికి కొత్త కాదు. పెద్ద వయసులో తొలి కాన్పు కొత్త, ఆ వయసుకు చేరేసరికి ఒళ్లు ఉన్న తీరు కొత్త.

ఆ రోజుల్లో పరీక్షలే లేవు కదా, జబ్బు లేదని ఎలా అంటాం అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గర్భంతోపాటు వచ్చి కాన్పుతో తగ్గిన మధుమేహాన్ని బెర్లిన్‌లో బెన్నెవిట్జ్ 1824లోనే నమోదు చేసినా, బోస్టన్‌లో ఒసలివన్, మహాన్ 752 మంది గర్భిణుల రక్తపరీక్షల ఆధారంగా కొలతలు ఖాయం చేసింది 1964లో. అంతకుముందు కువైట్ తల్లుల్లో ఎందరికి చక్కెర ఉండేదో లెక్కకట్టే దారి లేదు. అయితే అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 అంచనా ప్రకారం కువైట్ పెద్దల్లో నూటికి దాదాపు 25 మందికి మధుమేహం ఉంది. రెండు మూడు తరాల్లో జన్యువులు మారవు. మారింది తిండి, నడక, బరువు. గర్భిణి కూడా ఆ జనంలో మనిషే.

మరి వయసు పాత్ర లేదా? ఉంది. గర్భం సగం దాటాక మావి నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. బిడ్డకు చక్కెర అందడానికి ఆ అడ్డు అవసరమే. దాన్ని తట్టుకోవడానికి తల్లి క్లోమం మామూలుకన్నా ఎంతో ఎక్కువ ఇన్సులిన్ తయారుచేయాలి. వయసు మీరేకొద్దీ ఆ సత్తువ తగ్గుతుంది. 2019లో వెలువడిన కువైట్ అధ్యయనంలో తల్లుల్లో 12.6 శాతం మంది గర్భంలో షుగర్ వచ్చిందని చెప్పారు. వయసుతోపాటు ఆ శాతం పెరిగింది, గర్భానికి ముందటి బరువుతోనూ పెరిగింది. వయసు పేరుతో కనబడేదంతా బరువేనని కొందరి వాదన. బరువు ప్రభావాన్ని విడదీసి చూసినా వయసు ప్రభావం మిగులుతోందని పలు దేశాల పరిశోధనలు తేల్చాయి.

తప్పు జరుగుతున్నది గీత గీసే దగ్గర. 35 ఏళ్ల గీత ప్రసవ వైద్యంలోకి డౌన్ సిండ్రోమ్ పరీక్షల వల్ల వచ్చింది. చక్కెరతో దానికి సంబంధం లేదు. తొమ్మిది దేశాల్లో దాదాపు 25,000 మంది గర్భిణులను పరిశీలించిన 2008 నాటి హాపో అధ్యయనం, తల్లి రక్తంలో చక్కెర పెరిగేకొద్దీ బిడ్డకు ముప్పు క్రమంగా పెరుగుతుందనీ, ఫలానా అంకె దాటాకే మొదలవదనీ చూపింది. వయసూ అంతే. 1997లో అమెరికన్ మధుమేహ సంఘం పరీక్ష అక్కర్లేని వారిని 25 లోపు వయసు, తగిన బరువు, ముప్పు తక్కువున్న జాతి వంటి షరతులతో గుర్తించమంది. ఆ జాతి షరతు దగ్గరే మన ఆడపిల్లలు ఆగిపోతారు. దక్షిణాసియా వారికి తక్కువ బరువులో, తక్కువ వయసులోనే మధుమేహం వస్తుంది.

కువైట్‌లోని తెలుగువాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి ఇంటి పనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలన్నది భారత ప్రభుత్వ నిబంధన. ఒప్పందం ముగించుకుని వచ్చి మళ్లీ తల్లి కావాలంటే వయసు ముప్పై దాటి ఎంతో ముందుకు పోతుంది. 2024 జనవరిలో కుటుంబ వీసాలు తిరిగి తెరిచినప్పుడు 800 దినార్ల జీతం షరతు పెట్టారు. ఆలుమగలు ఒకచోట చేరడమే ఆలస్యమైతే కాన్పూ ఆలస్యమవుతుంది. ఇందులో ఆమె తప్పేముంది? పైగా పురుడు పుట్టింట్లో పోయాలన్న ఆచారం ఉంది. 24 నుంచి 28 వారాల మధ్య పరగడుపున రక్తమిచ్చి, 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగి, గంటకోసారి మరో రెండుసార్లు రక్తమివ్వాలి. సరిగ్గా అప్పుడే చాలామంది ప్రయాణపు ఏర్పాట్లలో ఉంటారు. కాన్పైన 6 నుంచి 12 వారాలకు చేయించాల్సిన పరీక్ష తిరుగు ప్రయాణపు హడావుడిలో కొట్టుకుపోతుంది. గర్భంలో షుగర్ వచ్చిన తల్లికి తర్వాత శాశ్వత మధుమేహం వచ్చే ముప్పు మిగతావారికన్నా ఏడు రెట్లకు పైనే కనుక ఆ పరీక్ష తప్పడం చిన్న విషయం కాదు.

అందుకే వయసును నేరంగా చూడటం మాని హెచ్చరికగా తీసుకోవాలి. ఇరవైల్లో ఉన్నా ముప్పైల్లో ఉన్నా నెల తప్పిన తొలి నాళ్లలోనే ఒకసారి, ఆరో నెలలో ఒకసారి, కాన్పు తర్వాత ఒకసారి రక్తపరీక్ష జరగాలి. ఆ కాగితాలు కువైట్ డాక్టరు నుంచి కడప డాక్టరుకూ, అక్కడి నుంచి తిరిగి కువైట్‌కూ ఆమె వెంటే వెళ్లాలి. కనే వయసును చాలామంది స్త్రీలు తమంతట తాము ఎంచుకోలేరు. పరీక్ష మాత్రం వేళకు అందించగలం, అందించాలి.