మందు తీసుకొనిపోవుట వేరు, మింగుట వేరు

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాఖ్ 1882లో కనుగొన్నాడు. దానిని చంపే మందులు రావడానికి మరి అరవై ఏండ్లు పట్టినది. అంతవరకు విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారం, ఇవే ముఖ్యమైన చికిత్స. 1915లో మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో వెలసిన శానటోరియం అట్టిదే. 1943లో స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నారు. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చినది. క్షయ నయమయ్యే వ్యాధి అయినది.

అయితే ఈ చికిత్సలో ఒక చిక్కు ఉన్నది. మందు మొదలిడిన కొద్ది వారాలలోనే జ్వరం, దగ్గు తగ్గుతాయి. రోగి తనకు నయమైనదనుకొంటాడు. కాని చురుకుగా పెరిగే క్రిములు చచ్చినా, మందకొడిగా ఉన్నవి కొన్ని మిగిలే ఉంటాయి. అందుచేతనే సామాన్య క్షయకు కూడా ఆరు నెలలు మందు వాడవలసి ఉన్నది. నడుమ మానితే వ్యాధి తిరుగబెట్టవచ్చును. మందులను తప్పి తప్పి వాడితే వాటికి లొంగని క్రిములు ప్రబలవచ్చును. అవి ఇంటివారికీ, ఇరుగుపొరుగువారికీ సోకే అపాయం కలదు.

1956లో మద్రాసులో ఒక గొప్ప పరిశోధన ఆరంభమైనది. కొందరు రోగులను శానటోరియంలో ఉంచి, మరికొందరిని వారి ఇరుకిండ్లలోనే ఉంచి, ఇరువురికీ ఐసోనియాజిడ్, పాస్ అనే మందులను ఏడాదిపాటు ఇచ్చారు. ఫలితాలు దాదాపు సమానంగా ఉన్నట్లు 1959లో ప్రకటించారు. పేదవాడు ఇంటిపట్టుననే కోలుకోగలడని రుజువైనది.

కాని ఇంటివద్ద నర్సు ఉండదు. రోగి మందు మింగినాడో లేదో తెలిసేదెట్లు? ఇందుకు పరిశోధకులు చెప్పాపెట్టకుండా ఇండ్లకు వెళ్ళి మిగిలిన మందును లెక్కించారు, మూత్రాన్ని పరీక్షించారు. పాస్ ఉన్న మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే రంగు మారుతుంది. తరువాత ఆరోగ్య కార్యకర్త ఎదుటనే మందు మింగించే పద్ధతి వచ్చి, 1997 నుండి మన దేశమంతటా విస్తరించినది. కాని కూలివానికి కేంద్రానికి వెళ్ళిరావడమంటే కూలి పోగొట్టుకొనడమే.

2010 తరువాత మన దేశంలో 99డాట్స్ అనే ఫోను పద్ధతి రూపొందినది. దీనికి ఖరీదైన ఫోను అక్కరలేదు. మందు అట్ట వెనుక నంబర్లు దాగి ఉంటాయి. బిళ్ళను బయటికి తీసినప్పుడే ఆనాటి నంబరు కనబడుతుంది. రోగి దానికి ఖర్చులేకుండా ఫోను చేస్తే కంప్యూటరు నమోదు చేస్తుంది. ఫోను రాకపోతే కార్యకర్తకు తెలుస్తుంది.

ఇది కూడ లోపం లేనిది కాదు. బిళ్ళ తీసినట్లు తెలుస్తుందేగాని మింగినట్లు తెలియదు. చెన్నై, వేలూరు, ముంబైలలో మూత్ర పరీక్షలతో సరిచూడగా, మందు మింగి కూడ ఫోను చేయనివారు పలువురున్నట్లు తేలినది. ఈ ఫలితాలు 2020లో వెలువడినవి.

ఫోను రాకపోవడానికి కారణాలు అనేకం. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఇంకొకరి చేతిలో ఉండవచ్చును; మందు కడుపులో వికారం పుట్టించి ఉండవచ్చును; రోగి పనికై ఊరు విడిచి ఉండవచ్చును. యంత్రం ఫోను రాలేదని మాత్రమే చెబుతుంది. ఎందుకు రాలేదో ఇంటికి వెళ్ళి, కూర్చుండి, అడిగి తెలుసుకొనే పని నేటికీ ఆరోగ్య కార్యకర్తదే.