లియోనీ బొమ్మల పుస్తకాలు: వ్యక్తిత్వం వేరు, వ్యక్తివాదం వేరు

పిల్లల బొమ్మల పుస్తకాల్లో స్నేహం, ‘ఎవరి ప్రత్యేకత వారిది’ అన్న భావం తరచు జంటగా కనిపిస్తాయి. ఈ రెండో మాట వినగానే అభ్యుదయ విమర్శకుల్లో కొందరికి అనుమానం కలుగుతుంది. వ్యక్తిని సమాజం నుంచి విడదీసి కీర్తించడం బూర్జువా సాహిత్య లక్షణం కదా అంటారు. ఆ అనుమానం నిరాధారం కాదు. అయితే ముద్ర వేసేముందు ఆ పుస్తకం ఏ చరిత్రలోంచి పుట్టిందో చూడాలి. ఇందుకు లియో లియోనీ పుస్తకాలను పరిశీలిద్దాం.

లియోనీ 1910లో ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర పుట్టాడు. తండ్రి యూదుడు. యౌవనం ఇటలీలో గడిచింది. భార్య నోరా ఇటలీ కమ్యూనిస్టు నాయకుడు ఫాబ్రిజియో మాఫీ కుమార్తె. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం యూదులపై జాతి చట్టాలు తెచ్చింది. మరుసటి ఏడు లియోనీ అమెరికా చేరాడు. తర్వాత అక్కడి వ్యాపారవర్గాల పత్రిక ‘ఫార్చ్యూన్’కు కళాదర్శకుడయ్యాడు.

1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో అమెరికా మండపానికి అనుబంధంగా ‘పూర్తికాని పని’ అని అర్థం వచ్చే పేరుతో ఆయన ఒక ప్రదర్శన రూపొందించాడు. జాతివివక్షతో సహా తమ దేశపు సమస్యలను బాహాటంగా ఒప్పుకోవడం దాని ఉద్దేశం. భవిష్యత్తుకు సంకేతంగా వేర్వేరు వర్ణాల పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడే ఫొటో అందులో పెట్టారు. అమెరికన్ కాంగ్రెసులో దక్షిణాది సభ్యులు మండిపడ్డారు. చివరికి ప్రదర్శన మూతపడింది.

మరుసటి ఏడాది, 1959లో, ‘లిటిల్ బ్లూ అండ్ లిటిల్ యెల్లో’ వెలువడింది. రైలు ప్రయాణంలో అల్లరి చేస్తున్న మనవలను కూర్చోబెట్టడానికి పత్రిక కాగితాలు చింపి అల్లిన కథ అది. నీలిముక్క, పసుపుముక్క నేస్తాలు. కావలించుకుంటే ఆకుపచ్చ అయిపోతారు. కన్నవాళ్లే గుర్తుపట్టరు. ఏడ్చి ఏడ్చి తమ రంగులు తిరిగి తెచ్చుకున్నాక, పెద్దలకూ సంగతి బోధపడుతుంది. రచయిత ఉద్దేశం ఏదైనా కానీయండి, బ్రస్సెల్స్‌లో మూసేసిన బొమ్మకూ ఈ కాగితపు ముక్కలకూ ఉన్న చుట్టరికం నాకు స్పష్టంగా కనబడుతోంది. అదే 1959లో అలబామాలో వర్ణవివక్షవాదులు గార్త్ విలియమ్స్ పుస్తకం మీద విరుచుకుపడ్డారు. అందులో నల్ల కుందేలు, తెల్ల కుందేలు పెళ్లాడడమే నేరం. ఆ రోజుల్లో పిల్లల పుస్తకంలో రంగు కేవలం రంగు కాదు.

1963 నాటి ‘స్విమ్మీ’ మరో మెట్టు. ఎర్రచేపల గుంపులో అదొక్కటే నల్లది. తన వాళ్లను పెద్దచేప మింగేశాక ఒంటరిగా తిరిగి, భయంతో దాక్కున్న మరో ఎర్రగుంపును కలుస్తుంది. అందరూ కలిసి ఒక మహామత్స్యం ఆకారంలో ఈదడం నేర్పి, తాను దానికి కన్నవుతుంది. ఇక్కడ ప్రత్యేకత సమష్టికి ఎదురు నిలవదు, సమష్టికి చూపునిస్తుంది. వ్యక్తిత్వానికీ వ్యక్తివాదానికీ తేడా ఏమిటని నా విద్యార్థులు అడిగితే నేను ఈ కథే చెబుతాను.

‘ఫ్రెడరిక్’ (1967) విషయంలో నాకు పేచీ ఉంది. తోటి ఎలుకలు గింజలు మోస్తుంటే ఫ్రెడరిక్ ఎండనూ రంగులనూ మాటలనూ పోగుచేస్తాడు. గింజలు నిండుకున్న చలికాలంలో ఆ మాటలే అందరికీ ఆసరా అవుతాయి. కవిత్వమూ శ్రమే అన్నది నిజమే. కాని స్విమ్మీ అందరితో కలిసి ఈదింది, ఫ్రెడరిక్ ఒక్క గింజా మోయలేదు. రచయితలమైన మనకు ఈ కథ నచ్చడంలో కొంత స్వార్థం లేకపోలేదు.

రూపకానికీ హద్దుంది. 1962–64 మధ్య 63 ప్రచురణ సంస్థలు అచ్చువేసిన 5,206 బాలల పుస్తకాల్లో నల్లజాతి మనిషి ఒక్కరైనా కనిపించినవి నూటికి 6.7 మాత్రమేనని నాన్సీ లారిక్ 1965లో లెక్కతేల్చింది. నల్లచేపకు చోటు దొరికినంత సులభంగా నల్లపిల్లకు దొరకలేదన్నమాట. మన దగ్గర 2008లో హైదరాబాదులోని అన్వేషి వెలువరించిన ‘డిఫరెంట్ టేల్స్’ ఈ లోటును గుర్తించింది. అందులోకి దళిత, ముస్లిం పిల్లలు తమ ఇళ్లతో, తమ తిండితో వచ్చారు.

అలాగని రూపకాన్ని తక్కువ చేయనక్కర్లేదు. 2015లో వెనిస్ మేయరు శిశుపాఠశాలల నుంచి తీసేయమన్న 49 పుస్తకాల్లో నీలిముక్క, పసుపుముక్కల కథా ఉంది. పుట్టిన 56 ఏళ్లకు కూడా రెండు కాగితపు ముక్కల కౌగిలి అధికారానికి కంటగింపు అయింది. మన బాలసాహిత్య రచయితలకు పేరూ ఊరూ ఉన్న పిల్లలూ కావాలి, ఇటువంటి కాగితపు ముక్కలూ కావాలి.