స్నో వైట్ అండ్ ది సెవెన్ డ్వార్ఫ్స్ (1937 సినిమా)

స్నో వైట్ అండ్ ది సెవెన్ డ్వార్ఫ్స్ 1937లో వాల్ట్ డిస్నీ నిర్మించిన అమెరికన్ యానిమేషన్ చలనచిత్రము. "హిమశ్వేత, ఏడుగురు మరుగుజ్జులు" అని ఈ పేరును తెలుగులో చెప్పుకొనవచ్చును. జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు 1812లో ప్రచురించిన జానపద కథ దీనికి ఆధారము. డేవిడ్ హ్యాండ్ దీనికి పర్యవేక్షక దర్శకుడు. నిడివి 83 నిమిషాలు.

ప్రపంచములో మొదటి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రము ఇదేనని తరచుగా వ్రాస్తుంటారు గాని అది సరికాదు. అర్జెంటీనాలో క్విరినో క్రిస్టియాని 1917లోను, జర్మనీలో లోటె రైనిగర్ 1926లోను ఇటువంటి చిత్రాలు తీసియున్నారు. అయితే అవి కత్తిరించిన బొమ్మలతో తీసినవి. పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకలపై చేతితో గీచి, రంగులు వేసిన బొమ్మలతో తయారైన పూర్తి నిడివి చిత్రాలలో ఇది మొదటిది. డిస్నీ సంస్థకు కూడా ఇదే మొదటి పూర్తి నిడివి చిత్రము.

కథ

స్నో వైట్ ఒక రాకుమారి. సవతి తల్లియైన రాణి ఆమెచేత దాసీ పనులు చేయించుచుండును. అందరికంటె అందగత్తె ఎవరని రాణి ప్రతిదినము తన మాయా దర్పణమును అడుగును. ఒకనాడు దర్పణము స్నో వైట్ పేరు చెప్పగా, అసూయతో రాణి ఆమెను చంపి గుండెను తెమ్మని వేటగానిని ఆజ్ఞాపించును. అతడు చంపలేక ఆమెను పారిపొమ్మని, రాణికి పంది గుండెను సమర్పించును. రాకుమారి అడవిలో ఏడుగురు మరుగుజ్జుల ఇంటికి చేరును. వారు గనిలో రత్నాలు త్రవ్వువారు. నిజము తెలిసిన రాణి ముసలిదాని వేషములో వచ్చి విషపు ఆపిల్ తినిపించును. మరుగుజ్జులు తరుమగా, పిడుగుపాటుకు కొండచరియ విరిగి ఆమె లోయలో పడి మరణించును. చివరకు రాకుమారుని ముద్దుతో స్నో వైట్ మేల్కొనును.

మూలకథతో భేదాలు

* గ్రిమ్ కథలో మరుగుజ్జులకు పేర్లు లేవు. సినిమాలో డాక్, గ్రంపీ, హ్యాపీ, స్లీపీ, బాష్‌ఫుల్, స్నీజీ, డోపీ అను పేర్లు వారి స్వభావమును బట్టి పెట్టబడినవి. వీరిలో డోపీ మాటలాడడు.
* మూలకథలో రాణి మూడుసార్లు ప్రయత్నించును: మొదట నడుముకు బిగించు పట్టీ, తరువాత విషపు దువ్వెన, చివరకు ఆపిల్. సినిమాలో ఆపిల్ ఒక్కటే ఉన్నది.
* మూలకథలో ముద్దు ప్రసక్తి లేదు. శవపేటికను మోయువారు తడబడగా గొంతులోని ఆపిల్ ముక్క బయటపడును.
* మూలకథలో రాణి ఎర్రగా కాల్చిన ఇనుప పాదరక్షలతో నాట్యమాడి మరణించును.
* గ్రిమ్ సోదరుల మొదటి కూర్పులో ఆ అసూయాపరురాలు సవతి తల్లి కాదు, కన్నతల్లియే. తరువాతి కూర్పులో వారు దానిని మార్చిరి.

నిర్మాణము

అప్పటికి డిస్నీ సంస్థ తీయుచున్నవి కొన్ని నిమిషాల లఘుచిత్రాలు మాత్రమే. బొమ్మల సినిమాను గంటకు పైగా ఎవరు చూతురని హాలీవుడ్‌లో పలువురు హేళన చేసి, దీనికి "డిస్నీ పిచ్చిపని" అని పేరు పెట్టిరి. మొదట రెండున్నర లక్షల డాలర్లు అనుకొన్న వ్యయము సుమారు 15 లక్షల డాలర్లకు పెరిగినది. డిస్నీ బ్యాంకు ఋణముతో చిత్రమును పూర్తి చేసెను. చిత్రము విఫలమైయుంటే సంస్థ మనుగడయే ప్రశ్నార్థకమయ్యెడిది.

మనుష్యుల కదలికలను సహజముగా గీయుటకు చిత్రకారులకు శిక్షణ తరగతులు నడిపిరి. మార్జ్ బెల్చర్ అను యువ నర్తకి అభినయమును చిత్రీకరించి, దానిని చూచి స్నో వైట్ బొమ్మలు గీచిరి. దృశ్యములో లోతు కనబడుటకు మల్టీప్లేన్ కెమెరాను వాడిరి. ఇందులో బొమ్మలు గీచిన గాజు పలకలను ఒకదాని క్రింద ఒకటి ఎడముగా అమర్చి, పైనుండి చిత్రీకరింతురు. ఒక్కొక్క పలకను వేరువేరు వేగముతో కదిలించుట వలన దగ్గరి చెట్లు త్వరగాను, దూరపు కొండలు నెమ్మదిగాను కదలినట్లుండును.

ముఖ్య గాత్రధారులు

* స్నో వైట్ - ఏడ్రియానా కేసలొట్టి
* రాణి, ముసలి మంత్రగత్తె - లూసిల్ లా వెర్న్
* రాకుమారుడు - హ్యారీ స్టాక్‌వెల్
* మాయా దర్పణము - మొరోని ఓల్సెన్

సంగీతమును ఫ్రాంక్ చర్చిల్, లీ హార్లిన్, పాల్ స్మిత్ సమకూర్చిరి.

విడుదల, పురస్కారాలు

1937 డిసెంబరు 21న లాస్ ఏంజెలెస్‌లోని కార్తే సర్కిల్ థియేటర్లో మొదటి ప్రదర్శన జరిగినది. 1938 ఫిబ్రవరిలో అమెరికా అంతటా విడుదలై అఖండ విజయము సాధించినది. గాన్ విత్ ది విండ్ (1939) వచ్చువరకు అత్యధిక వసూళ్ళు పొందిన శబ్ద చిత్రము ఇదే. 1939లో డిస్నీకి ఒక పెద్ద ప్రతిమ, ఏడు చిన్న ప్రతిమలు గల ప్రత్యేక ఆస్కార్‌ను బాలనటి షిర్లీ టెంపుల్ అందజేసినది. 1989లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చబడినది. 2025లో ఇదే కథను డిస్నీ సంస్థ నటీనటులతో మరల చిత్రించినది.

తెర వెనుక శ్రామికులు

చిత్రకారులు పెన్సిల్‌తో గీచిన బొమ్మలను పలకలపై సిరాతో ఎక్కించి రంగులు నింపినవారు ప్రధానముగా స్త్రీలు. ఈ స్త్రీల పేర్లు గాని, గాత్రధారుల పేర్లు గాని తెరపై కనిపించవు. లాభాలతో బర్‌బ్యాంక్‌లో క్రొత్త స్టూడియో వెలసినది. కాని వేతనాలు, తెరపై పేర్లు మొదలగు విషయాలలో అసంతృప్తి పెరిగి 1941లో ఉద్యోగులు సమ్మె చేసిరి. ఈ చిత్రములో రాణి బొమ్మకు ప్రాణము పోసిన ఆర్ట్ బాబిట్ ఆ సమ్మె నాయకులలో ఒకడు. పిల్లల చిత్రముగా పేరు పొందిన ఈ సినిమా చరిత్రలో ఆ శ్రామికుల పాలు కూడ గుర్తింపదగినది.

ఇవి కూడా చూడండి

* వాల్ట్ డిస్నీ
* గ్రిమ్ సోదరులు
* యానిమేషన్