భూమి పైసలు ఎటుపోయినయి?

"బిడ్డా, భూమి అమ్మే ఆయనకు పైసలు కట్టినవా?"

కొడుకు తల ఎత్తలేదు. తండ్రి మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగేసరికి వంటింట్లోంచి తల్లి వచ్చి గడప దగ్గర నిలబడింది. "మొత్తం పోయినయి నాయినా. గేమ్‌ల పోయినయి."

ఈ మాటలు నేను కూర్చినవి. అంకెలు మాత్రం అప్పటి పత్రికల్లో వచ్చినవే. ఇంటివాళ్ల పేర్లు రాయను. వాళ్లు పడ్డది చాలు.

ఊరు చేవెళ్ల పక్కన షాబాద్ మండలంలోది. 2022 డిసెంబరు. పరిశ్రమల కోసం తీసుకున్న భూమికి ఆ కుటుంబానికి కోటీ 5 లక్షల పరిహారం వచ్చింది. భూమి పోయిన రైతు మళ్లీ భూమే కొనాలనుకుంటాడు. శంషాబాద్ వైపు 70 లక్షలకు మాట్లాడుకొని 20 లక్షలు బయానా ఇచ్చారు. మిగిలిన 85 లక్షలు తల్లిదండ్రుల ఖాతాల్లో ఉన్నాయి. డిగ్రీ చదివే కొడుకు "నేను కడత తీ" అని ఆ డబ్బు తన ఖాతాకు మార్చుకున్నాడు. తర్వాత అదంతా ఫోన్‌లోని ఒక పందెం ఆటకు వెళ్లింది. పోయినదాన్ని తిరిగి గెలవాలని అప్పు కూడా చేశాడు. మొత్తం 92 లక్షలు. కుటుంబం సైబరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరికి వెళ్లింది.

ఇంట్లోకి దొంగ రాలేదు. ఎవరూ ఫోన్ చేసి ఓటీపీ అడగలేదు. పోయిన ప్రతి రూపాయికీ బ్యాంకు స్టేట్‌మెంటులో తేదీ, నంబరు, పేరు ఉంటాయి. నన్ను కలతపెట్టేది ఇదే.

చేవెళ్ల, మొయినాబాద్ రైతుకు కాగితం చదవడం రాదంటే నేను ఒప్పుకోను. పహాణీలో రెండు గుంటలు తక్కువ పడితే తెల్లారేసరికి తహసీల్ ఆఫీసు ముందుంటాడు. కట్టడాలపై ఆంక్షలు పెడుతూ 1996లో వచ్చిన 111 జీవో కింద 84 ఊళ్లవాళ్లు పాతికేళ్లకు పైగా బతికారు. ఏ సర్వే నంబరు దాని కిందికొస్తుందో, ఏది రాదో చదువుకోని ముసలమ్మ కూడా చెప్పగలదు. అలాంటి మనుషులకు తమ సొంత ఖాతా స్టేట్‌మెంటు అంతుపట్టకుండా పోయింది. వెనకట బ్యాంకులో పాస్‌బుక్ ముద్రించి చేతికిచ్చేవారు. ఇప్పుడు లెక్క ఫోన్‌లో ఉంటుంది. ఆ ఫోన్ పిల్లల చేతిలో ఉంటుంది.

అంతకు ఆరు నెలల ముందే, 2022 జూన్‌లో, హైదరాబాద్ అంబర్‌పేట నుంచి ఇలాంటి వార్తే వచ్చింది. పదహారేళ్ల అబ్బాయి తాత ఫోన్‌లో ఫ్రీ ఫైర్ ఆడుతూ, ఆటలో ఆయుధాల కోసం తల్లి ఖాతా నుంచి మొదట 1,500 రూపాయలు, తర్వాత 10,000 కట్టాడు. అక్కడి నుంచి లక్షల్లోకి వెళ్లాడు. తల్లి డబ్బు తీసుకుందామని బ్యాంకుకు వెళితే ఖాతాలో 27 లక్షలు లేవన్నారు. పరుగున రెండో బ్యాంకుకు వెళితే అక్కడ మరో 9 లక్షలు లేవు. అది చనిపోయిన భర్త తాలూకు డబ్బు. ఆయన పోలీసు ఉద్యోగి. ఆ రెండు బ్యాంకుల మధ్య దారిలో ఆమె ఎలా నడిచి ఉంటుందో తలుచుకుంటేనే గుండె బరువెక్కుతుంది.

ఆ 1,500 పడిన రోజున ఎవరైనా చూసి ఉంటే? చూసినా అర్థమయ్యేది కాదేమో. ఆట పేరు స్టేట్‌మెంటులో చాలాసార్లు ఉండదు. ప్లే స్టోర్ ద్వారా కొంటే గూగుల్ పేరు పడుతుంది, కొన్నిసార్లు దాని పక్కన ఆట తయారుచేసిన కంపెనీ పేరు. ఐఫోన్‌లో కొంటే యాపిల్ పేరు. యూపీఐ అయితే పొడుగాటి నంబరు, దాని చివర మనకు తెలియని ఐడీ. పందెం యాప్‌లది ఇంకా మోసం. డబ్బు చాలాసార్లు ఎవరో అనామకుడి ఖాతాలోకి పోతుంది, కాగితం మీద మనిషికి మనిషి పంపినట్టే కనిపిస్తుంది. అందుకే తెలియని పేరు కనిపిస్తే ముందు ఇంట్లోవాళ్లను నెమ్మదిగా అడగాలి, ప్లే స్టోర్‌లో కొనుగోళ్ల చరిత్ర తెరిచి అదే తేదీ, అదే మొత్తం ఉందేమో పోల్చాలి. పిల్లవాణ్ణి కొడితే మరుసటి రోజు మెసేజ్ చెరిపేయడం నేర్చుకుంటాడు, అంతే.

ఇంట్లోవాళ్లు పొరపాటున కొన్నదానికి గూగుల్‌ను వెంటనే వాపసు అడగాలి. 120 రోజుల గడువు మనకు తెలియనివాళ్లు కొన్నదానిపై ఫిర్యాదుకే. బ్యాంకు సంగతి వేరు. బయటివాడు చొరబడి తీస్తే మూడు పనిదినాల్లో చెప్పినవాడికి నష్టం ఉండదని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. మన పిన్ను మనమే ఇచ్చి ఉంటే మాత్రం, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మన ఖాతాలోదే. చెప్పిన తర్వాత పోయేదానికి బ్యాంకు బాధ్యత. కాబట్టి ప్రతి గంటా లెక్కే. సైబర్ మోసమనిపిస్తే 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్ పందేలపై నిషేధం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆటలకు బ్యాంకులు చెల్లింపులు జరపకూడదని అందులో ఉంది. మంచిదే. కానీ మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డు పక్క పొలాలు ప్లాట్లవుతున్నాయి, తరాల భూమి ఒక్కరోజులో అంకెగా మారి ఖాతాలో పడుతోంది. ఆ రోజున రైతుకు శాలువా కప్పే బ్యాంకు మేనేజరు, ఇంకో అరగంట కూర్చోబెట్టి స్టేట్‌మెంటు వరుస వరుసా చదివించాలి. డబ్బును డిపాజిట్‌లో వేయించి, యూపీఐ లేని ఖాతాలో ఉంచాలి. మెసేజ్ తండ్రి ఫోన్‌కు ఒక్కదానికే కాక తల్లికి కూడా తెలిసే ఏర్పాటు చేయాలి. మాకు ఇది చేయండని ఆ కుటుంబాలు గట్టిగా అడగాలి.