జపానునందలి వివాహ పరిహాస నామములు

లోకము తనకు నచ్చని నడవడికకు ముందు పేరు పెట్టును, పిదప విచారించును. జపాను దేశమున స్త్రీపురుషుల ప్రణయ వర్తనమునకు ఏర్పడిన వాడుకమాటలు ఇందుకు తార్కాణములు.

1980వ దశాబ్దమున 25 ఏండ్లు దాటియు అవివాహితయైన యువతిని “క్రిస్మస్ కేకు” అని యెగతాళి చేయుచుండిరి. డిసెంబరు 25 గడచిన పిమ్మట ఆ భక్ష్యమును కొనువా రుండరు గదా! ఆ దశాబ్దాంతమున వరునకు గీటురాయి “సాంకో”, అనగా మూడు ఔన్నత్యములు: పొడవైన దేహము, పెద్ద చదువు, పెద్ద జీతము. కన్యకు గడువును, వరునకు వెలయు నిర్ణయమయ్యెను.

ఉద్యోగములందు స్త్రీపురుష సమానావకాశ శాసనము 1986లో అమలునకు వచ్చెను. స్త్రీల ప్రథమవివాహపు సగటు వయస్సు 1980లో 25.2 ఏండ్లు, 2010లో 28.8. కేకు పరిహాసము చెల్లని కాసయ్యెను. 2003లో సకాయ్ జుంకో అను రచయిత్రి, ముప్పదియేండ్లు దాటిన అవివాహితలకు “ఓడిన కుక్క” యను పేరును తానే వ్యంగ్యముగా ధరించి గ్రంథము వ్రాసెను.

పిదప పురుషుని వంతు వచ్చెను. 2006లో ఫుకసావా మాకి అను రచయిత్రి “సోషోకు దాన్షి”, అనగా తృణాహార పురుషుడు, అను పేరు కల్పించెను. తెలుగున గడ్డితినుట నింద. అచ్చట నట్లు కాదు. జపాను భాషలో దేహసంబంధమును దెలుపు పదము మాంసమను అక్షరముతో మొదలగును; దానికై వెంటబడక, స్త్రీతో నేస్తమువలె మెలగువాడే తృణాహారి. ఆమె యుద్దేశము నింద కాదు. కాని 2009లో ఆ మాట ఆ యేటి పది ప్రసిద్ధ నూతనపదములలో నొకటి కాగా, యువకులు మోటారుకార్లు కొనరనియు, పెండ్లాడరనియు, శిశుజననములు తగ్గుటకు వారే కారణమనియు నిందలు మోపిరి.

ఈ నింద నిలుచునా? స్త్రీకి సగటు సంతానము 1989లోనే 1.57కు, 2005లో 1.26కు దిగెను. అప్పటికా పేరే పుట్టలేదు! 1991 ప్రాంతమున ధనవంతపు బుడగ చిట్లి, స్థిరోద్యోగములు అరుదగుటయు, ఇంటిపనియు శిశుపోషణయు స్త్రీపైననే మిగులుటయు విచారింపదగిన కారణములు. ఇంతలో తానై ప్రేమను దెలుపు యువతికి “మాంసాహార స్త్రీ” యను పేరు వచ్చెను. పురుషుడు చేసిన పౌరుషమైన పని, స్త్రీ చేసిన వింతయయ్యెను.

జీతమును గూర్చియు, ఇంటి చాకిరిని గూర్చియు అడుగవలసిన ప్రశ్నలను ఈ పేర్లు వ్యక్తుల స్వభావముపైకి మరలించినవి. అట్టి పేరు వినబడినప్పుడు, దానిచే నెవరి బాధ్యత మరుగుపడుచున్నదో చూడవలెనని మేము చదువరులను కోరుచున్నాము.